ఒకటో చెరువు ఎటు నుంచి

మా ఆవిడ పోయిన పధ్నాలుగు నెలలకి ఆమె నోటు పుస్తకాలు మా ఇంటికొచ్చాయి. మొత్తం పదకొండు. తవుడు బస్తాలో పెట్టి, మూతి తాడుతో కట్టి, ఏలూరు బస్సెక్కి తెచ్చింది ఆమె దగ్గర మూడేళ్ళు పనిచేసిన అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని నలభై ఏళ్ళుంటాయి. ఇప్పుడు ల్యాబు నడుపుతున్నది ఆమే.

"చెదలు పట్టేలా ఉన్నాయండి బాబాయిగారూ. పారేయడానికి చేతులు రావట్లేదు, దాచడానికి చోటు లేదు," అంది.

గుండుగొలనులో హైవేకి ఆనుకుని ఉన్న రెండు గదులే ఆ ల్యాబు. కొల్లేటి వైపు చేపల చెరువులున్న రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. ఆ నీళ్ళలో అమ్మోనియా ఎంతుంది, ఉప్పెంతుంది, చేప బతుకుతుందా లేదా చెప్పి పంపడం అక్కడి పని. మా ఆవిడ పరీక్ష చేసిన ప్రతి సీసా గురించీ పుస్తకంలో ఒక వరస రాసేది. తేదీ, రైతు పేరు, ఏ చెరువు, అంకెలు, చివర ఒక చిన్న మాట. ఏడాదికో పుస్తకం.

ఆమె పోయాక నేను చదవడం దాదాపు మానేశాను. అంతకుముందు రైల్లో పోతూ వస్తూ నెలకి నాలుగైదు పుస్తకాలు పూర్తిచేసేవాణ్ణి. తర్వాత ఏది తెరిచినా పది పేజీల్లో మూసేసేవాణ్ణి. ఈ పదకొండు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఎక్కువగా అంకెలే కావడం మంచిదైంది.

వరస చివర ఆమె రాసిన మాటలు చదువుతూ చాలాసార్లు నవ్వాను. "ఈయన మేత ఎక్కువేస్తాడు. ఒప్పుకోడు." "ఇవి కుళాయి నీళ్ళు. చెరువువి కావు." "అన్నదమ్ములు ఒకే నీళ్ళు రెండు సీసాల్లో తెచ్చారు, నన్ను పరీక్షించడానికి. అంకెలు కలిశాయి. టీ ఇప్పించారు." ఒక పేజీలో ఏ చెరువుకీ సంబంధం లేకుండా, "ఈవేళ ఈయన నా క్యారేజీ పట్టుకుపోయారు. వంకాయ కూర ఆయన పాలయింది" అని ఉంది. ఆ ఈయన నేనే. ఆ కూర నాకు జ్ఞాపకం ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆమె నాతో ఆ మాట అనలేదు. నీళ్ళ పుస్తకంలో రాసుకుంది.

నాది డేటాబేసుల పని. ముప్ఫై ఏళ్ళుగా అదే. ప్రస్తుతం తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వర్తకులు కొందరు కలిసి పెట్టుకున్న ఆఫీసులో చేస్తున్నాను. ఏ లారీ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ గోడౌనులో దిగింది, ఏ కొట్టుకి ఎన్ని బస్తాలు పోయాయి అన్నది కంప్యూటర్లో తప్పు లేకుండా ఉంచడం నా బాధ్యత. ఈ పనిలో ఉన్న సూత్రం ఒక్కటే. ఏ విషయమైనా ఒక్కచోటే రాయాలి, మిగతా అన్నిచోట్లా దాని నెంబరు మాత్రమే వేయాలి. లారీల సంగతి లారీల పట్టికలో, కొట్ల సంగతి కొట్ల పట్టికలో ఉంటుంది. నెంబర్లు వాటిని కలుపుతాయి. రెండు లారీలకి ఒకే నెంబరు పడితే మాత్రం నాసిక్ ఉల్లిపాయలు కర్నూలు ఉల్లిపాయలైపోతాయి. వర్తకులు అది వాసన చూసి పట్టేస్తారు, కంప్యూటరు పట్టలేదు.

రెండేళ్ళుగా మా ఆఫీసులోకి కూడా ఏఐ వచ్చింది. నేను అరపూట కూర్చుని రాసే ప్రశ్నని అది టీ చల్లారేలోపు రాసిపెడుతుంది. డేటాబేసుని అడిగే ప్రశ్నకి ఒక భాష ఉంది, ఆ భాష నాకన్నా దానికి బాగా వచ్చు. ఒకరోజు మా వర్తకుల్లో పెద్దాయన నా వెనక నిలబడి చూసి, "అన్నీ అదే రాస్తుంటే మరి మీరెందుకండీ?" అన్నారు. జవాబు కూడా ఆయనే చెప్పేశారు. "తప్పొస్తే తిట్టడానికి ఓ మనిషుండాలి గదండీ. దాన్ని తిడితే మనకి తృప్తేముంటుంది?"

అప్పటి నుంచి నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే అదే చెబుతున్నాను.

నోటు పుస్తకాలు చెదల పాలుకాకుండా వాటినొక డేటాబేసులో పెడదామనుకున్నాను. ఫోనుతో పేజీలు ఫొటోలు తీసి ఏఐకి ఇచ్చాను. మా ఆవిడ చేతిరాత ముప్ఫై ఏళ్ళు చూసిన నేను తడుముకునే చోట అది తడుముకోలేదు. కాకపోతే దానికి కొల్లేటి సంగతులు తెలియవు. మా వైపు చెరువుల్లో పెంచే చేపల్లో బొచ్చె ఉంటుంది, శీలావతి ఉంటుంది. ఏఐ శీలావతిని రైతుల పట్టికలో చేర్చింది. పదకొండేళ్ళ పుస్తకాల్లో అందరికన్నా ఎక్కువ చెరువులున్న రైతు ఆవిడే. ల్యాబు అమ్మాయికి ఫోను చేసి చెబితే ఆమె ఒక నిమిషం మాట్లాడలేకపోయింది, నవ్వు ఆగక.

పుస్తకాలన్నీ అయ్యాక, మొత్తం మీద వీటిలో ఏముందో నాలుగు ముక్కల్లో చెప్పమన్నాను. "ఈ పుటలు ఒక మహిళామూర్తి అంకితభావానికి నిలువెత్తు నిదర్శనాలు" అని మొదలుపెట్టింది. అది తీసేసి ఎన్ని సీసాలు, ఎన్ని చెరువులు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్నది మాత్రం చెప్పమన్నాను. వెంటనే చెప్పింది. అలా చెబితేనే ఆమె గురించి చెప్పినట్టుంది.

మాఘమాసంలో ల్యాబు అమ్మాయి ఫోను చేసింది. భీమడోలు నుంచి కొల్లేటి వైపు పోయే రోడ్డు పక్కన వరసగా ఐదు చెరువులున్నాయి. వాటిని కొత్తగా కౌలుకి తీసుకున్న భార్యాభర్తలు ల్యాబుకొచ్చారట. నల్లజర్ల దగ్గర మెట్టవాళ్ళు. పామాయిలు తోటలు చూసుకున్నవాళ్ళేగాని చేపలు వాళ్ళకి కొత్త. ఐదింటిలో ఒకదాంట్లో ముసురు రోజుల్లో చేప చస్తుందని ఊళ్ళో ఎవరో అన్నారట. ఏ చెరువో మాత్రం చెప్పలేదు. పాత కౌలుదారుని అడిగితే ఐదూ బంగారాలే అన్నాడట. ఈ ఏడాదికి నాలుగు చెరువుల్లో చేప పిల్లల్ని వదిలి, ఆ ఒక్కదాన్నీ ఖాళీగా ఉంచుదామని వాళ్ళ ఆలోచన. ఎనిమిది రోజుల్లో పిల్లల లారీ వస్తుంది. ఆ ఒక్కటీ ఏదో ఈలోగా తెలియాలి. అన్నిటికీ కొత్తగా నీళ్ళు పెట్టారు కాబట్టి, ఇప్పుడు సీసాల్లో పరీక్షిస్తే ఐదూ ఒకేలా ఉన్నాయట. తెలియకుండా వదిలితే శ్రావణం ముసుర్లో ఒక చెరువంతా వెల్లకిలా తేలుతుంది.

ఫోను ఆ నల్లజర్ల ఆవిడ చేతికిచ్చింది. కొత్త గొంతు.

"ఏవండీ, మాకు మట్టి చూస్తే ఏ పంటకి పనికొస్తుందో తెలుస్తుందండి. నీళ్ళు చూస్తే నీళ్ళలాగే ఉన్నాయి. అమ్మగారి పుస్తకాల్లో ఉంటుందంట గదండీ. మీరు చెప్పిందాన్నే ఖాళీగా ఉంచుతాం."

సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ పుస్తకాలు ఎవరికైనా పనికొస్తాయని అప్పటిదాకా నేను అనుకోలేదు.

మర్నాడు రైల్లో కూర్చుని ఏఐకి పని చెప్పాను. ఈ ఐదు చెరువుల నీళ్ళ పరీక్షలన్నీ తీసి, ఏది చెడ్డదో చూడమన్నాను. అది ముందు నన్నొక ప్రశ్న అడిగింది. మొదటి ఐదు పుస్తకాల్లో ఈ చెరువులు ఒక కౌలుదారు పేరున, తర్వాతి ఆరింటిలో ఇంకో కౌలుదారు పేరున ఉన్నాయి. ఇద్దరి దగ్గరా ఒకటో చెరువు, రెండో చెరువు అనే రాసి ఉంది. ఒకే నెంబరున్న చెరువులు ఒకటేనా?

రైలు పూళ్ళలో ఆగి ఉంది. ఎదురు సీటాయన జామకాయలు కొంటూ నాకొకటి ఇచ్చాడు. జామకాయ ఓ చేత్తో పట్టుకుని రెండో చేత్తో "అవును" అని కొట్టాను.

తాడేపల్లిగూడెం చేరేలోపు జవాబొచ్చింది. మొదటి ఐదేళ్ళలో రెండో చెరువులో అమ్మోనియా ఎక్కువగా ఉండేదట. తర్వాత అది బాగుపడిందట. నాలుగో చెరువు మొదట బాగుండి తర్వాత పాడైందట. ఇప్పుడు చెడ్డది నాలుగోదే. రెండోది బాగుపడటానికి సున్నం చల్లడం కారణం కావచ్చని ఒక ఊహ కూడా జతచేసింది. ఎక్కడా అతుకు కనపడని కథ. ల్యాబు అమ్మాయిని అడిగాను. మా ఆవిడ ఉన్న రోజుల్లో ఆమె చెరువుల దగ్గరికి వెళ్ళేది కాదు, కౌంటరు దగ్గర సీసాలు అందుకోవడమే. "అవునండి బాబాయిగారూ, నేనున్న మూడేళ్ళూ నాలుగోదాని సీసా వస్తే పిన్నిగారు ముఖం అదోలా పెట్టేవారు. నాలుగోదేనండి," అంది.

రెండు వైపుల నుంచీ ఒకటే జవాబు రావడంతో, నల్లజర్ల ఆవిడకి నాలుగోది వదిలేయమని చెప్పాను.

పిల్లల లారీ వచ్చే ముందురోజు ఆదివారం. చివరిసారి నీళ్ళు పరీక్షించడానికి ల్యాబు అమ్మాయి వెళ్తుంటే నేనూ బయలుదేరాను. మా ఆవిడ ఆ గట్ల మీద వందసార్లు తిరిగింది. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఆమె రమ్మంటే, చెరువు చూడటానికేముంది అనేవాణ్ణి.

చూడటానికి చాలా ఉంది. ఐదు చెరువులూ రోడ్డు దగ్గర మొదలై వరసగా వెనక మురుగునీటి డ్రెయిను దాకా పోయాయి. డ్రెయిను అవతల కొల్లేరు, సన్నటి తెల్లటి గీతలాగా. గట్టు మీద మాత్రం విచిత్రంగా ఒక రేకుల షెడ్డు నడుచుకుంటూ మాకెదురొస్తోంది. విప్పకుండా, కింద రెండు తాటి దుంగలు వేసి, ట్రాక్టరుకి కట్టి లాగుతున్నారు. నల్లజర్ల ఆవిడ భర్త దాని పక్కన నడుస్తూ ఒక చెయ్యి రేకుకి ఆనించి ఉంచారు, పెళ్ళి పల్లకీ పక్కన నడిచే మనిషిలాగా. ఆవిడ ముందు నడుస్తూ ఎటు తిప్పాలో చెబుతోంది.

"మేత బస్తాలు రోడ్డు మీద దిగుతాయండి. షెడ్డేమో ఆ చివర డ్రెయిను పక్కనుంది. రోజూ మొయ్యలేక ఇటు తెచ్చేస్తున్నామండి," అంది నాతో.

షెడ్డు రోడ్డు పక్క చెరువు మూల దగ్గర ఆగింది. ట్రాక్టరాయన దిగి తాడు విప్పుతూ, ఎవరితోనో కాకుండా తనలో తను అన్నట్టు, "అయితే మళ్ళీ ఇదే ఒకటోదన్నమాట," అన్నాడు.

నేను వెళ్ళి ఏమన్నారని అడిగాను.

"ఏం లేదండి. షెడ్డున్న కాణ్ణుంచే గదండీ చెరువులు లెక్కెట్టేది. ఇన్నాళ్ళూ అటుంది కాబట్టి డ్రెయిను పక్కది ఒకటోది. ఇప్పుడిటొచ్చింది గదా."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇటు ఉండేదా?"

"ఆయ్. ఇక్కణ్ణుంచి అక్కడికి లాక్కెళ్ళిందీ నేనేనండి. మొదటాయన మానేశాక కొల్లేటి లంకల్లో ఉండే ఆయన తీసుకున్నాడు గదండీ. ఆయన అటునుంచి దోనె మీదొచ్చేవాడు, అందుకని అటు లాగించాడు. మా పెద్దమ్మాయి పెళ్ళయిన ఏడాదండి."

షెడ్డున్న చోటు నుంచే చెరువుల్ని లెక్కపెట్టడం అక్కడివాళ్ళకి ఎంత మామూలంటే, ఎవరూ చెప్పుకోరు. మా ఆవిడకీ తెలుసు కాబట్టి ఆమె రాయలేదు. సీసా తెచ్చినవాడు రెండోది అంటే ఎటునుంచి రెండోదో ఆమెకి ఆ రోజు తెలుసు. పుస్తకంలో అంకె మిగిలింది, షెడ్డు మిగల్లేదు. నా ఊహకి రావలసిందేమో. రెండు లారీలకి ఒకే నెంబరు పడకుండా చూడటమే ముప్ఫై ఏళ్ళుగా నా పని. జామకాయ తింటూ రెండేసి చెరువులకి ఒకే నెంబరు నేనే పడనిచ్చాను.

గట్టు మీదే కూర్చున్నాను. ఫోను తీసి ఏఐకి చెప్పాను: నెంబర్లు షెడ్డు వైపు నుంచి వేసినవి, మొదటి కౌలుదారుకి షెడ్డు రోడ్డు వైపు, రెండో ఆయనకి డ్రెయిను వైపు. షెడ్డు ఎప్పుడు ఎటుందో ఒక పట్టిక చెయ్యి. ప్రతి చెరువుకీ రోడ్డు నుంచి లెక్కపెట్టి మారని నెంబరు ఇవ్వు. మళ్ళీ చూడు.

మీరు చెప్పిందే సరైనది, పొరపాటుకి క్షమించండి అంది. పొరపాటు దానిది కాదు. అది అడిగింది, నేనే అవునన్నాను. ఆ మాట దానికి చెప్పలేదు.

ఈసారి పాడవటాలూ బాగుపడటాలూ ఏమీ లేవు. పదకొండేళ్ళూ ఒకే చెరువు చెడ్డగా ఉంది. రోడ్డు నుంచి రెండోది. అదే డ్రెయిను నుంచి నాలుగోది. కౌలు మారిన నెలలోనే పుస్తకంలో చెడ్డ అంకెలు రెండు నుంచి నాలుక్కి గెంతాయి. మధ్యలో ఉన్న మూడోది మాత్రం ఎటునుంచి లెక్కపెట్టినా మూడోదే కాబట్టి, నేను ఎంత చెడగొట్టినా అది చెడలేదు.

నల్లజర్ల ఆవిడ రోడ్డు నుంచి లెక్కపెడుతోంది. నా మాట విని మంచి చెరువు ఖాళీగా ఉంచి, చెడ్డదాంట్లో మర్నాడు పిల్లల్ని వదలబోతోంది.

లేచి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏవండీ. మీ కంప్యూటరు మొన్న నాలుగన్నది. ఇవాళ రెండంటోంది. రేప్పొద్దున్న లారీ వచ్చాక ఏమంటుందండీ?"

తప్పు కంప్యూటరుది కాదు, నాది అన్నాను.

"అది మరీ బాగుందండి. కంప్యూటరైతే మార్చుకుందుం."

ట్రాక్టరాయన నవ్వాడు. ఆవిడ భర్త నవ్వు ఆపుకోవడానికి షెడ్డు వైపు తిరిగారు. ల్యాబు అమ్మాయి మాత్రం షెడ్డుకి ఆనించిన పొడుగాటి వెదురు బొంగు తీసుకుని రెండో చెరువు దగ్గరికి వెళ్ళింది. చెప్పులు విప్పి, మోకాలి లోతు దిగి, బొంగుని అడుగు బురదలోకి గుచ్చి తిప్పి పైకి లాగింది. చివర నల్లటి బురద అంటుకుని ఉంది. కడిగి, అవతలి నాలుగో చెరువులోనూ అలాగే గుచ్చి తీసింది. అది బూడిద రంగులో ఉంది. రెండోదాని బురద కడిగేముందే ఆకులో పెట్టి ఉంచుకుంది. రెండూ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"నీళ్ళు మీకు తెలియవన్నారు గదండీ. ఇది మట్టే. మీరే చూడండి," అంది.

ఆవిడ వంగి రెండూ వాసన చూసింది. నల్లదాన్ని వేళ్ళ మధ్య నలిపి మళ్ళీ చూసింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన నా దాకా వచ్చింది. ఆవిడ చెయ్యి గడ్డికి తుడుచుకుంది.

"ఇంత సంగతి ఈ పిల్ల బొంగుతో తేల్చేసింది. మీరు రెండుసార్లు కంప్యూటరు తిప్పారు," అంది నాతో. అని, భర్త వైపు తిరిగి, "రెండోది ఖాళీ చేయించండి. ఇంజను పెట్టి నీళ్ళు డ్రెయిన్లోకి తోడించేయాలి. నాలుగోదాంట్లో పిల్లలు," అంది.

బొంగు ఎక్కడ గుచ్చాలో తెలిసింది ఆ అంకెల వల్లనే అని నాకు తోచింది. అయినా అది వాదించే సమయం కాదు. ఆ రెండో చెరువు గురించి మా ఆవిడ ఏమైనా రాసిందా అని నల్లజర్ల ఆవిడే అడిగింది. ఇప్పుడు వరసలు సరిగా కలిశాయి గనక ఆ చెరువు పక్కన పదకొండేళ్ళలో రాసిన మాటలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. చదివి వినిపించాను. "అడుగు నల్లమట్టి. ఎండగట్టమన్నాను." "మళ్ళీ చెప్పాను." "ఎండగడితే ఏడాది పోతుందంటాడు. ఎండగట్టకపోతే ఏడాదికోసారి పోతుంది." "కొత్తాయనకీ చెప్పాను. ఈయనా అంతే." చివరిది ఆమె ఆస్పత్రిలో చేరడానికి రెండు వారాల ముందుది: "ఎప్పటికైనా ఎవరో ఒకరు వింటారు."

చదవడం ఆపాను. ఆవిడ చెరువు వైపు తిరిగి, "మేం ఎండగడతాం లెండి," అంది.

మర్నాడు నేను గూడెంలో ఉల్లిపాయల మధ్య ఉన్నాను. పిల్లల్ని వదిలేశామని ల్యాబు అమ్మాయి ఫోను చేసి చెప్పింది. లారీ ట్యాంకులోంచి గొట్టం గుండా నాలుగు చెరువుల్లోకీ వదిలారట. చెరువుల నెంబర్లు తూముల మీద రంగుతో రాయించానని, రోడ్డు నుంచి మొదలుపెట్టించానని, షెడ్డుని ఇక ఢిల్లీ తీసుకెళ్ళినా ఆ నెంబర్లు మారవని చెప్పింది. పాత పుస్తకాల్లో మిగతా చెరువుల సంగతి ఏమిటని అడిగింది. అప్పటికే ఆ పని మొదలుపెట్టాను. ఏ చెరువు వరస ఎటునుంచి లెక్కపెట్టారో తెలియని చోట ఏఐ నన్ను అడుగుతుంది. తెలియదని కొడుతున్నాను. తెలియని వాటి జాబితా తీసుకుని ఆదివారాలు ట్రాక్టరాయన దగ్గరికి వెళ్తున్నాను. ఆ చుట్టుపక్కల ఏ షెడ్డు ఎప్పుడు ఎటు కదిలిందో ఆయనకి తెలుసు. అన్నీ పెళ్ళిళ్ళ లెక్కలోనే చెబుతాడు. పెళ్ళిళ్ళకి ఇంకో పట్టిక చేయాల్సి వచ్చింది.

రెండో చెరువు ఫాల్గుణానికి ఎండి నెర్రెలిచ్చింది. ఖాళీ నేల చూస్తూ ఊరుకోవడం నల్లజర్ల ఆవిడ వల్ల కాలేదు. దున్నించి మొక్కజొన్న వేసింది. చెరువులో మొక్కజొన్న వేస్తే నీళ్ళ డేటాబేసులో ఏమని రాయాలో తెలియక ల్యాబు అమ్మాయి నాకు ఫోను చేసింది. ఉన్నదే రాయమన్నాను. అమ్మోనియా గడి ఖాళీ, చివరి మాట "మొక్కజొన్న, నడుమెత్తు" అని రాసింది. ఏఐ అది పొరపాటేమో సరిచూసుకోమంది. సరిచూసుకున్నాం. వైశాఖంలో ఒక సంచీడు కండెలు మా ఇంటికి వచ్చాయి.

ఇవన్నీ సరదాలే. అసలు సంగతి తేలాల్సింది శ్రావణంలో. మేం చెప్పింది తప్పయితే ఆ నెలలో తెలుస్తుంది. మా పుస్తకాల్లో ప్రతి ఏటా చావులు రాసి ఉన్నది ఆ రోజుల్లోనే. శ్రావణం రెండో వారంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. మూడోరోజు తెల్లవారి మొదటి బస్సుకి నేను గుండుగొలనులో దిగాను. ఎవరూ రమ్మనలేదు. ల్యాబు అమ్మాయి అప్పటికే బండి తీసి నిలబడి ఉంది.

మేం వెళ్ళేసరికి ఆవిడ గొడుగేసుకుని నాలుగో చెరువు గట్టు మీదుంది. నాలుగోదే అన్నిటికన్నా అనుమానం. మొదట అందరం చెడ్డదన్నది దాన్నే. నీళ్ళు కదలకుండా సీసం రంగులో ఉన్నాయి. చేప ఎక్కడా పైకి రాలేదు, గాలి కోసం నోరు తెరవలేదు. అది మంచిదే. కాని రాత్రే చచ్చి, ఇంకా తేలకుండా అడుగున ఉన్నా పైకి రాదు గదా అని నాకు తోచింది. ఆ మాట అనలేదు.

చేపలకి మేత సంచుల్లో పెడతారు. అడుగున చిల్లులున్న సంచుల్లో తవుడు పోసి, చెరువులో పాతిన కర్రలకి వరసగా కట్టి వేలాడదీస్తారు. చేప వచ్చి చిల్లుల దగ్గర తింటుంది. పొద్దున్న కట్టిన సంచి సాయంత్రానికి ఖాళీ కావాలి. ముసురు పట్టినప్పుడు చేప బాగోకపోతే మేత ముట్టదు, సంచి బరువుగా నానిపోయి ఉంటుంది. ముందురోజు కట్టినవి చూడటానికి ఆవిడ భర్త దోనె మీద లోపలికి వెళ్ళి ఉన్నారు. ఆయన మాట ఆ రోజుదాకా నేను సరిగా వినలేదు.

మొదటి కర్ర దగ్గర దోనె ఆపారు. తాడు పట్టి సంచి పైకి లాగారు. ఇంత దూరం నుంచి అది బరువో తేలికో తెలియలేదు. ఆవిడ గొడుగు ముడిచేసింది, వాన పడుతున్నా. ఆయన సంచిని తిరగేసి మా వైపు చూపిస్తూ దులిపారు. నీళ్ళు తప్ప ఏమీ రాల్లేదు. రెండో కర్ర దగ్గరికి వెళ్ళి అదీ తిరగేశారు. మూడోదీ అంతే. నాలుగో సంచి దగ్గర ఆయన తిరగేయడం మానేసి, చెయ్యెత్తి, నేను ఊహించనంత పెద్ద గొంతుతో అన్నారు.

"తినేశాయే! ఇంకో బస్తా విప్పు!"

ఆవిడ షెడ్డు వైపు నడిచింది. నేనూ వెళ్ళి బస్తా రెండో కొస పట్టుకున్నాను.